నాంచారమ్మకు కుదరని డిస్క్

2022 వేసవి. విజయవాడలో ఏలూరు రోడ్డు నుంచి లోపలికి వెళ్ళే ఒక సందులో, స్త్రీల వైద్యానికి మాత్రమే పెట్టిన చిన్న ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. అప్పటికి నా సర్వీసు పంతొమ్మిదేళ్ళు. అందులో పన్నెండేళ్ళు కాన్పుల గదిలోనే గడిచాయి. మోకాళ్ళు మొరాయించడం మొదలయ్యాక మా డాక్టర్ ప్రమీల గారు నన్ను ఓపీకి మార్చారు. స్కానింగు గది వెనక ఒక బల్ల, ఒక పరదా, చేతులు కడుక్కునే సింకు ఉన్న గదిని నాకు ఇచ్చారు. కాన్పు తర్వాత జాగ్రత్తలు, పిల్లలు పుట్టకుండా వాడే సాధనాలు, నెలసరి ఇబ్బందులు, ఇలా డాక్టరు గారికి తీరుబడిగా చెప్పే వీలులేని సంగతులన్నీ నేను అక్కడ కూర్చోబెట్టి చెప్పేదాన్ని.

ఆ ఏడు ఒక ట్రస్టు వాళ్ళు మా ఆసుపత్రికి పెట్టెలకొద్దీ మెన్‌స్ట్రువల్ డిస్క్‌లు ఇచ్చారు. అడిగినవాళ్ళకు ఉచితంగా ఇచ్చి, వాడటం నేర్పమన్నారు. నాకు రెండు రోజుల శిక్షణ కూడా ఇప్పించారు. డిస్క్ అంటే మెత్తటి సిలికాన్‌తో చేసిన, వెడల్పుగా లోతు తక్కువగా ఉండే గిన్నెలాంటి సాధనం. నెలసరి రక్తం అందులోకి చేరుతుంది. నెలసరికి వాడే మెన్‌స్ట్రువల్ కప్పు అయితే లోపలి గోడలను పట్టుకుని నిలబడుతుంది. డిస్క్ అలా పట్టుకోదు. దాన్ని రెండు వేళ్ళతో నొక్కి సన్నగా చేసి, పైకి కాకుండా వెనక్కి, నడుం చివరి ఎముక వైపు తోయాలి. వెనక అంచు సర్విక్స్‌ను, అంటే గర్భసంచి మూతిని దాటి, దాని వెనకున్న ఖాళీలోకి వెళ్ళి కూర్చుంటుంది. ముందు అంచును వేలితో పైకెత్తి ప్యూబిక్ బోన్ వెనక ఆనించాలి. పొత్తికడుపు కింద చేత్తో నొక్కితే తగిలే గట్టి ఎముకే అది. డిస్క్ నిలబడేది దాని ఆసరాతోనే. సరైన సైజు సరైన చోట కూర్చుంటే లోపల ఏదో ఉందన్న సంగతే మరిచిపోతారు.

చెప్పడం సులువే. తన ఒంట్లోకి తన వేలు పెట్టుకోవడమే తప్పనుకునే ఆడవాళ్ళకు ఆ మొదటి భయం పోగొట్టడమే అసలు పని. అది నాకు బాగా వచ్చింది. బస్సు కండక్టర్లు, కాలేజీ లెక్చరర్లు, నాట్లకు వెళ్ళే కూలీలు అందరూ వచ్చారు, నేర్చుకున్నారు. 'ఆ సిస్టరు దగ్గరికెళ్తే కుదిరిపోద్ది' అని బయట అనుకుంటున్నారని మా ఆయా చెప్పినప్పుడు లోలోపల పొంగిపోయాను. జరిగినదానికి ఆ పొంగు కూడా ఒక కారణమేనని ఇప్పుడు అనిపిస్తుంది.

నాంచారమ్మ జూన్‌లో వచ్చింది. వయసు ముప్ఫై నాలుగు. పామర్రు దాటాక లోపలికి ఉన్న ఒక పల్లె వాళ్ళది. భర్త చెరువుల మీద వల లాగడానికి వెళ్తాడు. ఈమె కంకిపాడు మార్కెట్లో చేపలు అమ్ముతుంది. తెల్లారేసరికి ఐసు పెట్టిన చేపల టబ్బు దింపుకుని, కత్తిపీట ముందు గొంతుక్కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవడానికి ఉండదు. ముగ్గురు పిల్లలు, ముగ్గురూ మామూలు కాన్పులే. ఆఖరివాడు నాలుగు కిలోల బరువుతో పుట్టాడు. ఈ వివరాలన్నీ మొదటి రోజే అడిగి ఓపీ చీటీ మీద నా చేత్తోనే రాసుకున్నాను.

"ప్యాడ్ పెట్టుకుంటే చేపల నీళ్ళకి తడిసి ముద్దయిపోతందండీ," అంది. "తొడలు ఒరుసుకుపోయి పుళ్ళు పడతన్నాయి. మార్చుకుందామంటే ఆ చుట్టుపక్కల ఆడోళ్ళకి చోటేదీ? నెలకి నాలుగు రోజులు నరకం అనుకోండి. ఇదైతే పన్నెండు గంటలు చూసుకోనక్కర్లేదంట గదా?"

"చూసుకోనక్కర్లేదు. నీలాంటి వాళ్ళ కోసమే వచ్చింది ఇది," అన్నాను.

ఆమె డిస్క్‌ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. అంచును నొక్కి చూసింది. చేప కడుపులో వేలు పెట్టి ఒక్క లాగుతో శుభ్రం చేసే మనిషి, ఆమె వేళ్ళలో తడబాటు లేదు. తర్వాత తలెత్తి అడిగింది:

"గొంతుక్కూర్చుంటే పడిపోదు గదండీ?"

"సరిగ్గా పెట్టుకుంటే ఎందుకు పడుతుంది? పడదు," అన్నాను.

ఆ గదిలో అడగవలసిన ఒకే ఒక్క ప్రశ్న ఆమె మొదటి రోజే అడిగింది. నేను ఆమెను గొంతుక్కూర్చోబెట్టి చూడకుండానే జవాబు చెప్పాను.

ఆ రోజు పరదా వెనక రెండో ప్రయత్నంలోనే పెట్టుకుంది. బల్ల మీద పడుకోమని గ్లౌజు వేసుకుని చూశాను. వెనక అంచు సర్విక్స్ దాటి ఉంది, ముందు అంచు ఎముక వెనక చక్కగా ఆనింది. లేచి గదిలో నాలుగడుగులు వేయమన్నాను. "ఏమీ తెలవట్లేదండీ!" అని నవ్వింది. వెళ్ళేటప్పుడు నా రెండు చేతులూ పట్టుకుంది. ఈసారి వచ్చేటప్పుడు కొరమేను తెస్తానంది.

నెల తిరిగాక మళ్ళీ వచ్చింది. ముఖంలో ఆ నవ్వు లేదు.

"జారిపోతందండీ," అంది.

"ఎప్పుడు?"

"టబ్బు ఎత్తినప్పుడు. కూర్చుని లేచినప్పుడు. పొద్దెక్కే కొద్దీ మరీను. కిందకి దిగిపోయినట్టు, బరువుగా ఉంటంది."

నేను మళ్ళీ బల్ల మీద పడుకోబెట్టి చూశాను. అంతా సవ్యంగానే కనిపించింది. ముందు అంచు బాగా పైకి ఎత్తడం లేదేమోనని ఇంకోసారి చూపించాను. ఒక సైజు పెద్దది ఇచ్చాను. డిస్క్ చిన్నదైతే జారుతుందని శిక్షణలో చెప్పారు కాబట్టి అది సరైన పనే అనుకున్నాను.

మూడోసారి ఆమె వచ్చిన రోజు ఓపీ కిటకిటలాడుతోంది. పరదా బయట ఇంకా తొమ్మిది మంది కూర్చుని ఉన్నారు. నాంచారమ్మ కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పింది. అంతకు ముందు ఆదివారం మార్కెట్ మంచి రద్దీ మీద ఉన్నప్పుడు, శీలావతుల టబ్బు ఎత్తబోతే డిస్క్ ఒక్కసారిగా బయటికి వచ్చేసిందట. చీర వెనక భాగమంతా తడిసింది. బేరమాడుతున్న మగవాళ్ళు పక్కకు తిరిగిపోయారట. పక్క కొట్టు వెంకాయమ్మ తువ్వాలు కప్పి, ఆటో ఎక్కించి ఇంటికి పంపింది.

"అందరూ చూశారండీ," అంది. ఆ ఒక్క మాటే అంది.

నేను ఆమె పక్కన కూర్చోవలసింది. ఇప్పుడు ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ముందు తోచేది ఆ పనే. అప్పుడు మాత్రం, నేను నేర్పిన పద్ధతికి పేరు చెడుతుందన్న విసుగే ముందుకొచ్చింది.

"చూడు నాంచారమ్మా, ఇంతమందికి నేర్పాను. అందరికీ కుదిరింది. నీ ఒక్కదానికే ఎందుకు కుదరదు? కంగారు పడకుండా మనసుపెట్టి చెయ్యాలి," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసి, "అంతేలెండి," అంది. పర్సులోంచి చిన్న గుడ్డసంచి తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. అందులో రెండు డిస్క్‌లూ ఉన్నాయి. మరగబెట్టి, ఆరబెట్టి, తెల్లగా తళతళలాడుతున్నాయి.

ఆ తర్వాత రాలేదు. ఆమెకు ప్యాడ్‌లే నచ్చాయి కాబోలు అనుకున్నాను. నిజం చెప్పాలంటే అంత కూడా అనుకోలేదు, మరిచిపోయాను.

ఏడాదిన్నర గడిచింది. మా ఊళ్ళో నర్సులకు ఒక రోజు తరగతి పెట్టారు. పెల్విక్ ఫ్లోర్ గురించి చెప్పడానికి ఒక ఫిజియోథెరపిస్టు వచ్చింది. పెల్విక్ ఫ్లోర్ అంటే గర్భసంచిని, మూత్రసంచిని కింది నుంచి మోసే కండరాల వరస. కాన్పుల వల్ల, బరువులు ఎత్తడం వల్ల అవి వదులైతే పైనున్న అవయవాలు కిందికి దిగుతాయి. దాన్ని ప్రొలాప్స్ అంటారు. ఇదంతా నాకు తెలిసిందే, కాన్పుల గదిలో ఎన్నో చూశాను. ఆమె ముప్ఫై ఏళ్ళు నిండని మనిషి, గబగబా మాట్లాడుతోంది. నేను సగం వింటున్నాను.

ఆ మాటల మధ్యలో ఆమె అంది: "మీలో కప్పులు, డిస్క్‌లు నేర్పేవాళ్ళు ఉంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. ముందు గోడ కిందికి దిగినవాళ్ళకి డిస్క్ అంచు ఆనడానికి చోటు ఉండదు. పడుకోబెట్టి చూస్తే అంతా లోపలికి వెళ్ళిపోతుంది, బాగానే కనిపిస్తుంది. నిలబెట్టండి, గొంతుక్కూర్చోబెట్టండి, దగ్గమనండి. మళ్ళీ మళ్ళీ జారిపోతోందంటే ఆమె చెయ్యి సరిగ్గా లేదనుకోకండి. అది ప్రొలాప్స్ మొదటి కబురు కావచ్చు."

నాంచారమ్మ మాటలు గుర్తొచ్చాయి. 'జారిపోతందండీ, కిందకి దిగిపోయినట్టు బరువుగా ఉంటంది.' నాంచారమ్మ చెప్పింది డిస్క్ గురించి మాత్రమే కాదు. తన ఒంట్లో ఏది జారుతోందో తనకు తెలిసినంతలో నాకు చెప్పింది. మన మాటల్లో కర్త లేకపోయినా వాక్యం నడిచిపోతుంది. ఆ ఖాళీలో నేను నా డిస్క్‌ను పెట్టుకుని విన్నాను. 'ఏది జారుతోందమ్మా?' అని ఒక్క మాట అడగలేదు. 'నెల రానప్పుడు కూడా ఉంటుందా?' అని అడగలేదు. మూడు కాన్పులు, నాలుగు కిలోల బిడ్డ, రోజూ ఎత్తే టబ్బు, అన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి.

ఓపీ చీటీలో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే పనిచేయడం లేదని వచ్చింది. ఆ ఆదివారం చర్చి అయ్యాక అటునుంచి అటే కంకిపాడు బస్సెక్కాను. మార్కెట్లో వెంకాయమ్మ కొట్టు వెతకడం కష్టం కాలేదు. అరవై దాటిన మనిషి, బొచ్చె తోక పట్టుకుని పొలుసు గీస్తోంది. నాంచారమ్మ ఎక్కడుందని అడిగాను.

"అదింక రావట్లేదమ్మా. గర్భసంచి తీసేశారుగా. తట్ట ఎత్తకూడదన్నారంట," అంది. ఇంతలో నన్ను పరీక్షగా చూసి, "నువ్వు ఆ బెజవాడ సిస్టరువా?" అని అడిగింది. అవునన్నాను. ఆమె పొలుసు గీస్తూనే ఊరికి దారి చెప్పింది.

నాంచారమ్మ ఇంటి వసారాలో రొయ్యలు ఒలుస్తోంది. ఎవరో కూలికిచ్చిన పనట. నన్ను చూడగానే చేతులు కడుక్కుని, కుర్చీ తుడిచి వేసింది. మనిషి సగం అయింది. ఎవరి మీదా కోపం ఉన్నట్టు లేదు. మంచినీళ్ళు ఇచ్చి, "ఇంత దూరం వచ్చారేంటండీ?" అంది.

ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆపరేషన్ సంగతి అడిగాను.

"అందరికీ కుదిరింది, నీ ఒక్కదానికే కుదరలేదన్నారు గదండీ మీరు. అప్పుడనుకున్నా, మిగతావోళ్ళ ఒళ్ళు వేరు, నా ఒళ్ళు వేరు, లోపలేదో చెడిపోయుంటదని. ఆ బరువు ఎక్కువైంది. మా ఊరి ఆరెంపీ గారికి చెప్తే ఒక నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళాడు. సంచి జారింది, తీసేస్తే పీడా పోద్దన్నారు. ముగ్గురు పిల్లలున్నారు, ఇంకెందుకు అని మా అత్త కూడా అంది. తీసేశారు."

"ఇప్పుడు బరువు తగ్గిందా?"

ఆమె వీధి వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "లేదండీ. దగ్గినా తుమ్మినా ఒంటేలు పడిపోతంది. చంటిదానిలాగా గుడ్డ పెట్టుకునే ఉండాల్సొస్తంది. నెల ఆగిపోయింది గానీ గుడ్డ తప్పలేదు."

మర్నాడే ఆసుపత్రికి రమ్మని గట్టిగా చెప్పాను. వచ్చింది. డాక్టరు గారు ఆమెను నిలబెట్టి, దగ్గమని, గొంతుక్కూర్చోమని చూశారు. సిస్టోసీల్ అన్నారు. అంటే మూత్రసంచి ముందు గోడను నెట్టుకుంటూ కిందికి దిగడం. గర్భసంచి తీసినవాళ్ళు దాన్ని ముట్టుకోలేదు. ఆమెను మొదటినుంచీ బాధపెడుతున్నది అది. అదలాగే ఉంది, ఇంకాస్త పెరిగింది కూడా.

నాంచారమ్మ బయటికి వెళ్ళాక నేను డాక్టరు గారిని అడిగాను. "మొదట్లోనే చూసుంటే ఏమయ్యేదండీ?"

ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. "ఖాయంగా చెప్పలేను కరుణా. వ్యాయామాలతో, రింగ్‌తో ఏళ్ళ తరబడి బాగానే గడిచేదేమో. ఆపరేషనే అక్కర్లేకపోయేదేమో. అవసరమైనా, దేన్ని బాగుచెయ్యాలో తెలిసి చేసేవాళ్ళం." చీటీ మీద రాస్తూనే, "నీ దగ్గరికి మూడుసార్లు వచ్చినప్పుడు ఒక్కసారి నా దగ్గరికి పంపాల్సింది," అన్నారు. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే నాకు తేలికయ్యేది.

నాంచారమ్మకు రింగ్ పెస్సరీ పెట్టాలని నిర్ణయించారు. జారిన అవయవాలను లోపల మోసి నిలబెట్టే సిలికాన్ రింగ్ అది. అదీ ఒంటికి సరిగ్గా కుదరాలి. ఈసారి నేను తొందరపడలేదు. మొదటి సైజు పెట్టాక మెట్లెక్కించి దింపాను. నీళ్ళ క్యాన్ కొద్దిగా ఎత్తమన్నాను. నేల మీద పీట వేసి, చేపలు కోసేటప్పుడు కూర్చున్నట్టే కూర్చోమన్నాను. దగ్గమన్నాను. జారింది. రెండోది పెడితే నొక్కుకుంటోందని చెప్పింది. "ఓర్చుకోవద్దు, ఎక్కడ నొక్కుతోందో చెప్పు," అన్నాను. మూడోది పెట్టాక అరగంట వరండాలో తిరిగి, మూత్రానికి వెళ్ళొచ్చి, మళ్ళీ పీట మీద కూర్చుని లేచింది. "ఉందో లేదో తెలవట్లేదండీ," అంది. ఆ ఉదయమంతా ఒక్క మనిషికే పట్టింది. 2022లో కూడా నాకు కావలసింది ఒక్క ఉదయమే.

ఇప్పుడు ఆమె ఆరోగ్యం కొంత మేలు. కండరాలు బిగించే వ్యాయామాలు పట్టుదలగా చేస్తోంది. మూత్రం పడిపోవడం బాగా తగ్గింది. కంకిపాడు మార్కెట్‌కి మళ్ళీ వెళ్తోంది గాని టబ్బు ఎత్తదు, సొంత బేరమూ లేదు. ఎత్తు బల్ల ముందు నిలబడి వెంకాయమ్మకు చేపలు కోసిపెడుతుంది. పోయిన గర్భసంచి తిరిగి రాదు. ఆ ఆదివారం మార్కెట్లో పడిన అవమానమూ మాసిపోలేదు. నేను ఆమెకు క్షమాపణ చెప్పాను. రింగ్ కుదిరిన రోజునే, పరదా వేసి, పక్కన కూర్చుని చెప్పాను.

"తప్పు నాది నాంచారమ్మా. నీ చేతిది కాదు, నీ ఒంటిదీ కాదు. నువ్వు సరిగ్గానే పెట్టుకున్నావు. ఎందుకు జారుతోందో చూడాల్సింది నేను, చూడలేదు."

"ఊరుకోండి సిస్టరు గారూ," అని ఆమే నన్ను ఓదార్చింది.

అప్పటినుంచి నా గదిలో ఎవరినీ పడుకోబెట్టి మాత్రమే చూసి పంపడం లేదు. ఏ పని చేస్తారో అడిగి, ఆ పని చేసేటప్పుడు ఒళ్ళు ఎలా ఉంటుందో అలా ఉండమని చూస్తాను. రెండోసారి జారిందంటూ వస్తే నేరుగా డాక్టరు గారి గదికి తీసుకెళ్తాను. 'అందరికీ కుదిరింది' అన్న మాట మళ్ళీ నా నోట రాలేదు.

మూడు నెలలకోసారి రింగ్ శుభ్రం చేయించుకోవడానికి నాంచారమ్మ వస్తుంది. కిందటిసారి వచ్చినప్పుడు వెంకాయమ్మ కోడల్ని వెంటబెట్టుకొచ్చింది. ఆ పిల్లకు డిస్క్ నేర్పమంది. నేను పెట్టె తెరుస్తుంటే, నాంచారమ్మ ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి ఎంతో ప్రేమగా చెప్పింది:

"సిస్టరు గారు చెప్పినట్టు జాగర్తగా చెయ్యి. నాలాగా మొద్దులా ఉండకు. నాకు మూడుసార్లు చెప్పారు పాపం, నాకే చేతకాలేదు."

నేను వెంటనే కాదన్నాను. మొదటినుంచీ జరిగిందంతా ఆ పిల్ల ముందే మళ్ళీ చెప్పాను. నాంచారమ్మ తల వంచుకుని మర్యాదగా విన్నది. నేను ముగించాక నవ్వి, "మీరు అట్టాగే అంటారులెండి," అంది.